పంపరపనసని ఇంగ్లీషులో ఏమంటారు? - కొలెస్టరాల్ మాత్రలు, పళ్ళరసాలు

కంప్యూటర్ల గురించి రాసే శీర్షికలో పళ్ళరసాల గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చు. చదివాక మీకే తెలుస్తుంది, ఇది కూడా మనం రోజూ ఆఫీసులో చూసే రకం సమస్యే. రెండు సిస్టములు విడివిడిగా బాగానే పని చేస్తుంటాయి. రెంటినీ కలిపితే ఎక్కడో ఏదో తేడా వస్తుంది. హెచ్చరిక మెసేజీ కూడా వస్తుంది కానీ, అందులో ఉన్న పేరు మనకు తెలిసిన పేరు కాకపోవడంతో దాన్ని పట్టించుకోకుండా ముందుకు వెళ్ళిపోతాం.

నేను డాక్టర్ని కాను. నేను చదివింది కంప్యూటర్ సైన్సు. ఇక్కడ రాసేది అచ్చయిన పరిశోధనల్లో ఉన్న విషయమే తప్ప వైద్య సలహా కాదు. మీ మందులు మార్చాలన్నా మానాలన్నా మీ డాక్టరునే అడగండి.

ఎందుకు మనకే ఈ గొడవ?

న్యూజీలాండ్ ఆరోగ్యశాఖ 2018లో గుండెజబ్బుల ముప్పు లెక్కగట్టే పద్ధతిని సవరించింది. మామూలుగా మగవాళ్ళకి 45 ఏళ్ళకీ, ఆడవాళ్ళకి 55 ఏళ్ళకీ ఈ లెక్క మొదలుపెట్టాలి. మావోరీలకీ, పసిఫిక్ దీవులవాళ్ళకీ, దక్షిణాసియావాళ్ళకీ మాత్రం మగవాళ్ళయితే 30, ఆడవాళ్ళయితే 40 ఏళ్ళకే మొదలుపెట్టమన్నారు. ఆ లెక్కకి వాడే సూత్రాలు ఆక్లాండ్ యూనివర్సిటీవాళ్ళ 'ప్రెడిక్ట్' అధ్యయనం నుంచి వచ్చాయి. 4 లక్షలమందికి పైగా ఇక్కడి పేషెంట్ల వివరాలతో తయారైన ఆ సూత్రాల్లో వయసు, బీపీ, కొలెస్టరాల్, పొగతాగే అలవాటుతో పాటు 'ఇండియన్' అన్నది కూడా ఒక ఇన్‌పుట్.

అంటే ముప్ఫై దాటిన తెలుగువాడు ఏ జలుబుకో డాక్టరు దగ్గరికి వెళ్ళినా కొలెస్టరాల్ మాట వచ్చే అవకాశం ఉంది. ఆ సంభాషణ చాలాసార్లు 'స్టాటిన్' అనే మాత్ర దగ్గర ఆగుతుంది. ఇక ఇండియా నుంచి మనల్ని చూడడానికి వచ్చే అమ్మానాన్నల్లో, అత్తమామల్లో ఆ మాత్ర ఇప్పటికే వేసుకుంటున్నవాళ్ళు చాలామందే ఉంటారు.

ఆ మాత్ర డబ్బా మీదనో, లోపల మడిచిపెట్టిన కాగితంలోనో 'గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు' అన్న వాక్యం కనిపించవచ్చు. చిక్కంతా ఆ మాటతోనే వస్తుంది.

వారాంతపు విందులో పుట్టిన పరిశోధన

ముందు కథ చెబుతాను. 1980ల చివర్లో కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని లండన్ అనే ఊళ్ళో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం తలపెట్టాడు. ఫెలోడిపిన్ అనే బీపీ మందుతో పాటు ఆల్కహాలు తాగితే ఏమవుతుందో చూడాలన్నది ఉద్దేశం. ఎవరికి ఆల్కహాలు ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో తాగేవాళ్ళకి తెలియకూడదు కాబట్టి ఆ రుచిని కప్పెయ్యగల పానీయం ఒకటి కావాలి. ఒక శనివారం రాత్రి ఆయనా, ఆయన భార్యా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్న రసాలన్నీ ఒక్కొక్కటే కలిపి రుచి చూశారట. గ్రేప్‌ఫ్రూట్ రసం గెలిచింది.

ప్రయోగం జరిగింది. ఆల్కహాలు తాగినవాళ్ళలోనూ తాగనివాళ్ళలోనూ కూడా రక్తంలో మందు ఉండాల్సినదానికన్నా కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించింది. మందు మోతాదులో పొరపాటు జరిగిందేమోనని వెతికారు. అదేమీ లేదు. మిగిలింది ఆ రసమే. 1989లో ఆ ప్రయోగం, 1991లో ప్రత్యేకంగా ఈ రసం మీదే చేసిన ప్రయోగం ప్రచురించారు. టెస్టు డేటాలోని చెత్త అనుకున్నదే అసలు బగ్గయి కూర్చుందన్నమాట. (ఈ బెయిలీగారు 1966లో మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరుగెత్తిన మొదటి కెనడియన్ కూడా!)

2013లో బెయిలీ బృందం రాసిన సమీక్ష ప్రకారం ఈ పండుతో పేచీ పెట్టుకునే మందులు 85 పైనే ఉన్నాయి. వాటిలో 43 మందుల విషయంలో పరిణామాలు తీవ్రంగా ఉండవచ్చు. స్టాటిన్లలో కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి.

లోపల జరిగేది ఏమిటి?

మన చిన్నపేగు గోడలో సిప్-3ఎ4 అనే ఎంజైము ఉంటుంది. నోటిద్వారా వచ్చే పరాయి రసాయనాలని రక్తంలోకి పోకముందే విరగ్గొట్టడం దాని పని. ఫైర్‌వాల్ లాంటిదనుకోండి. సిమ్వాస్టాటిన్ అనే మాత్ర మింగితే ఇక్కడా, ఆ తరువాత కాలేయంలోనూ వడపోత జరిగి 100 పాళ్ళలో సుమారు 5 పాళ్ళే ఒంట్లోకి చేరతాయి. మందు తయారుచేసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. '40 మిల్లీగ్రాములు' అన్న సంఖ్యని ఆ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకునే నిర్ణయించారు. ఫైర్‌వాల్ ఎప్పుడూ నడుస్తూ ఉంటుందన్న నమ్మకంతో హార్డ్‌కోడ్ చేసిన సంఖ్య అది.

గ్రేప్‌ఫ్రూట్‌లో ఫ్యూరానోకూమరిన్లు అనే రసాయనాలున్నాయి. ఇవి ఆ ఎంజైముని కాసేపు బిజీగా ఉంచి వదిలేసే రకం కాదు, ఏకంగా పాడుచేసి పారేస్తాయి. చచ్చిన ప్రాసెస్ మళ్ళీ లేవదు. పేగు గోడలోని కణాలు కొత్త ఎంజైముని తయారుచేసుకునే దాకా ఆగాల్సిందే. అందుకు ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 'పొద్దున రసం తాగుతాను, మాత్ర రాత్రి కదా వేసుకునేది' అన్న సర్దుబాటు పూర్తిగా పనికి రాకపోవడానికి కారణం ఇదే.

ఎంత తేడా వస్తుందన్నది రసం ఎంత తాగారన్న దాని మీద ఆధారపడుతుంది. ఫిన్లండ్‌లో హెల్సింకీ పరిశోధకులు 1998లో రెట్టింపు చిక్కదనం ఉన్న రసాన్ని రోజుకి మూడుసార్లు ఇచ్చి చూస్తే రక్తంలో సిమ్వాస్టాటిన్ మొత్తం 16 రెట్లయింది. అంత ఎవరు తాగుతారని మీరడగవచ్చు. వాళ్ళకీ ఆ సందేహం వచ్చింది. 2004లో మామూలు రసం రోజుకి ఒక్క గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు, మూడు రోజులిచ్చి మళ్ళీ కొలిచారు. అప్పుడు కూడా 3.6 రెట్లయింది.

అన్ని స్టాటిన్లూ ఒకటి కావు

స్టాటిన్లు కాలేయంలో కొలెస్టరాల్ తయారయ్యే వరుసలో ఒక ముఖ్యమైన మెట్టుని అడ్డుకుంటాయి. 1970లలో జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన వేలకొద్దీ బూజుల్ని వెతికి ఈ జాతిలో మొదటి రసాయనాన్ని కనిపెట్టాడు. మందుగా అమెరికాలో మొదట అనుమతి పొందినది లోవాస్టాటిన్, 1987లో. ఆ తరవాత వచ్చినవన్నీ ఒకే పని చేసినా, ఒంట్లోంచి బయటికి పోయే దారులు వేరు. కాబట్టి గ్రేప్‌ఫ్రూట్‌తో వాటి సంబంధం కూడా వేరు.

సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్: పేచీ ఎక్కువ. ఈ మాత్రలు వేసుకునేవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్‌కి దూరంగా ఉండడమే మేలు.

అటోర్వాస్టాటిన్: పేచీ ఉంది కానీ తక్కువ. మందుల కంపెనీల సమాచారపత్రాలు ముఖ్యంగా హెచ్చరించేది రోజుకి 1.2 లీటర్లకి మించి రసం తాగడం గురించి. అయినా రోజూ తాగే అలవాటుంటే డాక్టరుతో చెప్పాలి.

ప్రావాస్టాటిన్, రోసువాస్టాటిన్, ఫ్లూవాస్టాటిన్: ఇవి సిప్-3ఎ4 దారిన పోవు. గ్రేప్‌ఫ్రూట్‌తో చెప్పుకోదగ్గ పేచీ లేదు.

న్యూజీలాండ్‌లో ప్రభుత్వ ఖర్చు మీద ఏ మందు దొరకాలన్నది ఫార్మాక్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ ఇక్కడ చాలాకాలంగా ఆ జాబితాలో ఉన్నాయి. రోసువాస్టాటిన్ 2021 డిసెంబరులో, కొన్ని షరతులకి లోబడి చేరింది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రోసువాస్టాటిన్‌కి గ్రేప్‌ఫ్రూట్ గొడవ లేకపోయినా, ఆసియావాళ్ళ రక్తంలో అది తెల్లవాళ్ళకన్నా ఎక్కువగా చేరుతుంది. అందుకని మనకి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటారు.

'సహజమైనది' అని చెప్పి అమ్మే రెడ్ ఈస్ట్ రైస్ మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందులో ఉండే మోనకోలిన్-కె అన్నది సాక్షాత్తూ లోవాస్టాటినే. పేరు మారినంత మాత్రాన పేగు గోడ మోసపోదు.

ఇంతకీ భయపడాల్సినది ఏమిటి?

స్టాటిన్ మోతాదు మించితే దెబ్బ తగిలేది ఎక్కువగా కండరాలకి. నొప్పులు, నీరసం వస్తాయి. మరీ ముదిరితే కండరాలు కరిగి వాటిలోని పదార్థం రక్తంలోకి వచ్చి, మూత్రపిండాలని పాడుచేస్తుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. సెరివాస్టాటిన్ అనే మందుని బేయర్ కంపెనీ 2001 ఆగస్టులో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది ఈ జబ్బు మూలానే. ఆ మందుతో పాటు జెమ్‌ఫైబ్రోజిల్ అనే మరో మందు కలిపి వాడినవాళ్ళకి ప్రమాదం బాగా ఎక్కువైంది.

అలా అని హడలిపోనక్కర్లేదు. ఇప్పుడున్న స్టాటిన్లతో ఇంత తీవ్రమైన కండరాల జబ్బు వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువమందికే వస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ భయాన్ని మరీ పెంచి చూపిస్తున్నారని 2016లో లండన్ పరిశోధకులు కొందరు (ఇది ఇంగ్లండ్ లండన్) లెక్కలు వేసి మరీ వాదించారు. అసలు భయపడాల్సింది వేరే దానికి. హెచ్చరిక చదివి జనం రసం మానడానికి బదులు మాత్ర మానేస్తారేమోనని. ఆ భయం మనవాళ్ళ విషయంలో సమంజసమే. ఏదైనా చిన్న అనుమానం రాగానే 'ఈ ఇంగ్లీషు మందులే ఇంత' అని ముందు పక్కన పెట్టేది మాత్రనే కదా! గుండెపోటు నుంచి కాపాడేది మాత్ర. రసం లేకపోతే పోయేదేమీ లేదు. మానాల్సి వస్తే రసాన్ని మానాలి. ఆ పండు వదలలేమంటే డాక్టరు వేరే స్టాటిన్ రాసిస్తాడు.

పేరులోనే ఉంది తికమక

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆక్లాండ్‌లో ఒక ఇంట్లో ఇలాంటి సంభాషణ ఊహించుకోండి.

"నాన్నగారూ, ఈ మాత్ర వేసుకునేటప్పుడు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదట."

"ద్రాక్షపళ్ళే కదరా, మానేస్తాలే. షుగరు కూడా ఉంది కాబట్టి ఎటూ తినడం లేదు."

అని ఆయన నిశ్చింతగా, చైనావాళ్ళ కొట్లో కొన్న పంపరపనస తొనలు ఒలుచుకుని తింటూ ఉంటారు.

ద్రాక్షకీ గ్రేప్‌ఫ్రూట్‌కీ ఏ సంబంధమూ లేదు. చెట్టుకి గుత్తులుగా కాస్తుంది కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. 18వ శతాబ్దంలో కరీబియన్ దీవి బార్బడోస్‌లో పంపరపనసకీ, తియ్య నారింజకీ సంకరంగా పుట్టిన పండు అది. కాబట్టి మన పంపరపనస దానికి సొంత తల్లి! ఫ్యూరానోకూమరిన్లు కూడా తల్లి నుంచి వచ్చిన ఆస్తే. అవయవమార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ అనే మందు పంపరపనస రసంతో రక్తంలో పెరుగుతుందని 2006లో మనుషుల మీద చేసిన ప్రయోగంలోనే తేలింది. డబ్బా మీద హెచ్చరిక మాత్రం కూతురి పేరుతోనే ఉంటుంది.

మన ఇళ్ళల్లో వాడే మిగతా పళ్ళ సంగతి కూడా చూద్దాం.

బత్తాయి, కమలా: బత్తాయి తియ్య నారింజ జాతిదే. ఈ రెంటితో స్టాటిన్లకి పేచీ లేదు. అలవాటు ప్రకారం తాగవచ్చు.

నారింజ: ఇక్కడే జాగ్రత్త అవసరం. కొందరు తియ్య నారింజనే నారింజ అంటారు. కొందరి ఇళ్ళల్లో నారింజ అంటే పులిహోరకి, పచ్చడికి వాడే పుల్ల నారింజ. మార్మలేడ్ చేసే సెవిల్ నారింజ ఈ పుల్లజాతిదే. దానికి గ్రేప్‌ఫ్రూట్ లాంటి గుణమే ఉందని పరిశోధనల్లో కనిపించింది. పులిహోరలో పిండే రెండు చెంచాలకీ గ్లాసు రసానికీ తేడా ఉంది కానీ, రోజూ తాగే అలవాటైతే మాత్రం చెప్పి తీరాలి.

నిమ్మ: చారులోనో, మజ్జిగలోనో పిండుకునే కొద్దిపాటి నిమ్మరసాన్ని స్టాటిన్ల హెచ్చరికల్లో ఎక్కడా చేర్చలేదు.

దానిమ్మ: టెస్టుట్యూబులో అనుమానం కలిగించింది కానీ, మనుషుల్లో సిమ్వాస్టాటిన్‌తో చేసిన ప్రయోగంలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు.

న్యూజీలాండ్‌లో ఇంకో తికమక కూడా ఉంది. చలికాలం వచ్చిందంటే ఇక్కడి పెరళ్ళలో పచ్చటి పళ్ళు విరగకాస్తాయి. పక్కింటివాళ్ళు సంచీలో వేసి ఇస్తారు, లేదా గేటు దగ్గర అట్టపెట్టెలో 'ఉచితం' అని రాసి పెడతారు. దీన్ని 'న్యూజీలాండ్ గ్రేప్‌ఫ్రూట్' అంటారు. వృక్షశాస్త్రం ప్రకారం ఇది బార్బడోస్ గ్రేప్‌ఫ్రూట్ కాదు. 'పూర్‌మన్ ఆరెంజ్' అని మరో పేరున్న వేరే సంకరం. తూర్పు ఆసియాలో పుట్టి ఆస్ట్రేలియా మీదుగా 19వ శతాబ్దంలో ఇక్కడికి చేరిందనీ, గవర్నర్ సర్ జార్జ్ గ్రే తెప్పించాడనీ చెబుతారు. 'పేరుకే గ్రేప్‌ఫ్రూట్, అసలుది కాదు కదా' అని ధైర్యం చెప్పుకోకండి. దీని పుట్టుకలో కూడా పంపరపనస పాత్ర ఉందని శాస్త్రజ్ఞుల అనుమానం. సిమ్వాస్టాటిన్ వేసుకునేవాళ్ళు దీన్ని కూడా గ్రేప్‌ఫ్రూట్‌గానే లెక్కవేసుకోవడం మంచిది. ఈ పండుతో చేసే మార్మలేడ్ కూడా ఇక్కడ ఇంటింటా ఉంటుంది.

రెండో పేరు: మాత్రది

పండు పేరు తేలింది. మాత్ర పేరు సంగతేమిటి? నాన్నగారిని అడిగితే 'కొలెస్టరాల్ మాత్ర' అంటారు. ఇంకా గట్టిగా అడిగితే బ్రాండు పేరు చెబుతారు. ఇండియాలో అటోర్వాస్టాటిన్ ఒక్కదానికే లెక్కలేనన్ని బ్రాండులున్నాయి. ఇక్కడి ఫార్మసిస్టుకి అవి తెలియకపోవచ్చు. పైగా ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చిన మందు ఇక్కడి ఫార్మసీ రికార్డులో ఉండదు. రికార్డులో లేని మందుకి ఏ సాఫ్ట్‌వేరూ హెచ్చరిక ఇవ్వలేదు.

దీని ప్రమాదం పళ్ళతోనే ఆగదు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్ కూడా సిప్-3ఎ4ని అడ్డుకునేవే. సిమ్వాస్టాటిన్‌తో వాటిని కలిపి వాడకూడదు. నాన్నగారికి దగ్గు పట్టుకుని వారాంతంలో తెలియని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారనుకోండి. ఆయన వేసుకునే మాత్ర అసలు పేరు మీ దగ్గర లేకపోతే ఆ డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? బీపీకి చాలామంది వాడే అమ్లోడిపిన్ ఉంటే సిమ్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని కూడా నియమం ఉంది.

అందుకని చెయ్యాల్సినవి ఇవీ:

1. మాత్రల అట్ట మీద బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు, మోతాదు రాసుకోండి. అట్టని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

2. ఇండియా నుంచి మందులు తెచ్చుకునేవాళ్ళు మూడు నెలలకి మించకుండా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోవాలి. (పంపరపనస మాత్రం తేలేరు. తాజాపళ్ళు చెప్పకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే 400 డాలర్ల జరిమానా!)

3. దగ్గరలోని ఫార్మసీకి వెళ్ళి ఆ జాబితా చూపించి అడగండి. అడిగినందుకు డబ్బులు తీసుకోరు. ఫోనులోనైతే హెల్త్‌లైన్ 0800 611 116 రాత్రీ పగలూ పలుకుతుంది.

4. కారణం తెలియని కండరాల నొప్పి, నీరసం, టీ డికాక్షన్ రంగులో మూత్రం కనిపిస్తే ఆగకండి, వెంటనే డాక్టరుని చూడండి.

5. డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకండి.

చివరగా ఒక కొసరు. ఇక్కడి వసంతంలో పుప్పొడి వల్ల తుమ్ములొచ్చి ఫెక్సోఫెనడిన్ వేసుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. దానితో కథ తిరగబడుతుంది. ఆ మందుని పేగులోంచి లోపలికి మోసుకుపోయే వాహకాల్ని గ్రేప్‌ఫ్రూటే కాక నారింజ, ఆపిల్ రసాలు కూడా అడ్డుకుంటాయి. మందు పెరగడానికి బదులు తగ్గిపోతుంది. 'ఈ మాత్ర నాకు పనిచెయ్యదు' అనేవాళ్ళు ఒకసారి మంచినీళ్ళతో వేసుకుని చూడండి.

ఈ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు ఓ రెండు నిమిషాలు దీనికి కేటాయించండి. మాత్రల అట్ట మీద చిన్న అక్షరాల్లో ఏముందో అమ్మనో నాన్ననో చదివి చెప్పమనండి. పేరు చివర 'స్టాటిన్' అని వినిపిస్తే, ద్రాక్ష తినవచ్చుననీ, పంపరపనస విషయం మాత్రం డాక్టరుని అడగాలనీ చెప్పండి.